ఓనర్ల మస్టర్

"ఫాయిదా అట! ఇయ్యాల మనకు ఫాయిదా ఉన్నదట!" అని సదన్న సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాలు గుమ్మంలో నిలబడి జిలేబీ పొట్లం ఊపుతున్నాడు. నేనప్పుడే షేర్ ఆటో దిగుతున్నాను, ఒక కాలు నేల మీద, ఒక కాలు ఆటోలో, గుండె ఆ రెంటి మధ్యా. పొద్దున ఫోన్‌లో మా కాలనీ బడి జమున టీచర్ అతనికి చెప్పింది, ఇవాళ మునిగిన బ్యాంకు కేసు వాయిదా అని. ఉద్యోగమంతా డ్రిల్లు మిషన్ పట్టి, రెండు చెవులూ బొగ్గుకే అప్పజెప్పి రిటైరైన సదన్నకు వినబడింది ఫాయిదా అని, అంటే లాభమని. విన్నవాడు విన్నట్టు ఊరుకుంటాడా, క్వార్టరు క్వార్టరుకూ చెప్పొచ్చాడు. అందుకే పోయినసారి ఖాళీ కుర్చీలు ఎక్కువున్న హాల్లో ఈసారి గోడకు ఆనుకోవడానికి కూడా చోటు లేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే సదన్న భుజం మీది నుంచి లోపలికి చూస్తే, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళ మధ్య ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని, ముక్కు మీద మాస్కుతో యిర్మియా బావ కూర్చుని ఉన్నాడు. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై దవాఖానలో మంచం మీద ఉండాల్సిన మనిషి.

"బావా, గీడికెట్ల అచ్చినవే?"

"ఆటోల," అన్నాడు మాస్కు వెనక నుంచి. జోకు నా నుంచి నేర్చుకున్నదే, నా మీదే వేశాడు. పక్కన ఆయన భార్య సుగుణక్క కొంగుతో మొహం తుడుచుకుని, "చెప్పి చెప్పి నా నోరు వోయింది రఘుపతీ. సిస్టర్లు వద్దంటె సంతకం వెట్టి మరీ అచ్చిండు. ఇంట్ల ఉన్న సిలిండర్ తెప్పిచ్చుకున్నడు. నీ మాటన్న ఇంటడేమో జూడు," అంది. నా మాట. నా మాటను ఈ కాలనీలో ఎవరు విన్నారు గనుక, విన్నవాళ్ళంతా నవ్వారు, నవ్వడం వినడం ఒకటి కాదు కదా. సిలిండర్ తలమీద చిన్న గడియారం లాంటిది ఉంది, అందులో ముల్లు. పచ్చ దాటి పసుపులోకి వచ్చింది, పసుపు తర్వాత ఎరుపు. ముల్లు అని పేరు పెట్టినవాడెవడో గానీ తెలిసే పెట్టాడు, చూసినకొద్దీ కంట్లో గుచ్చుకుంటోంది. అటు గోడ మీద టీవీ, టీవీకి జమున టీచర్ లాప్‌టాప్, లాప్‌టాప్‌లో హైదరాబాద్ ట్రిబ్యునల్, మధ్యాహ్నం తర్వాతి కేసులు. చిన్న చిన్న గళ్ళలో నల్లకోట్ల లాయర్లు, కాకుల్లా కాదు, కాకులైతే కనీసం పిండం ముడతాయి. మా కేసుకు ముందు ఇంకా చాలా కేసులున్నాయి. ఆ నంబర్లు ఎంత నెమ్మదిగా పెరుగుతున్నాయో ఈ ముల్లు అంత నెమ్మదిగా దిగుతోందా, దిగడం లేదు, అది తొందరగానే దిగుతోంది. నా కళ్ళు టీవీకీ సిలిండర్‌కూ మధ్య షిఫ్టు డ్యూటీ చేస్తున్నాయి.

సిరినేల. పేరు బాగుంది కదా అని పడ్డాం. కాగితాల మీద అది ఫైనాన్స్ కంపెనీ, మా నోళ్ళలో మాత్రం సిరినేల బ్యాంకు. మునిగిన తర్వాత తెలిసింది పేరులోనే లెక్క ఉందని: సిరి వాళ్ళకు, నేల మాకు. నేల కింద పనిచేసి పైకి వచ్చిన వాళ్ళకు నేల తప్ప ఏం మిగులుతుంది. ఇదే హాల్లో, ఇదే ఫ్యాను కింద, టై కట్టుకున్న ఒకాయన వచ్చి చెప్పాడు, డిపాజిట్ వేస్తే మీరు ఖాతాదారులు, షేరు కొంటే మీరు యజమానులు అని. యజమాని అనే మాట విన్నప్పుడు బావ మొహం నాకింకా గుర్తుంది. గనిలో పైకప్పుకు దిమ్మెలు పెట్టే టింబర్‌మన్ ఆయన, జీవితమంతా యాజమాన్యం నోటీసు బోర్డులు చదివినవాడు, ఒక్కసారిగా యాజమాన్యం అయిపోయాడు. షేరు కాగితానికి లామినేషన్ చేయించి, చర్చి క్యాలెండర్ పక్కన తగిలించాడు. "ఇగ జూడు, నేనే ఓనర్ని. బ్యాంకుల ఫ్యాను తిరగకుంటె నేనే అడగాలె," అన్నాడు, అడిగాడు కూడా, గోదావరిఖని బ్రాంచికి పోయి ఫ్యాను ఎందుకు తిరగడం లేదని నిజంగానే అడిగొచ్చాడు. ఫ్యాను బాగుచేశారు. తర్వాత డైరెక్టర్ల బోర్డే బోర్డు తిప్పేసింది. షేర్ ఆటో నయం, చెప్పిన చోట దించుతుంది, షేరు చెప్పకుండా ముంచుతుంది. ఈ మాట అన్నప్పుడు హాలంతా నవ్వింది, చాలా రోజుల కింద. ఇప్పుడు మళ్ళీ అందామా, అంటే ఎలా మోగుతుంది.

మోగడం అంటే, బావ పని అదే. పైకప్పు కింద అడుగు పెట్టేముందు కర్రతో కొట్టి వినేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిచిన బండ డొల్లగా, తడిసిన డప్పులా మోగుతుంది. డొల్లగా మోగిన చోట మనిషి నిలబడకూడదు. నేను గనిలో పనిచేసినవాణ్ణి కాను, పైన కిటికీ వెనక మస్టర్ క్లర్కుని, హాజరు పిలిచి రాసుకునేవాణ్ణి. కానీ నాకూ ఒక కర్ర ఉంది, నోరు. ఏ గదిలోకి పోయినా ముందు ఒక జోకు వేసి కొట్టి చూస్తాను. జనం ఖంగున నవ్వితే సరే, అక్కడ నిలబడొచ్చు. నవ్వు డొల్లగా వచ్చిందంటే పైన ఏదో విడిచిందని. గుమ్మంలోనే కొట్టి చూశాను ఇవాళ, "సదన్నా, జిలేబీ గుండ్రంగ తిరిగినట్టే మన కేసు సుత తిరుగుతాందే," అని. నవ్వారు. ఎక్కువ నవ్వారు. ఆశ ఉన్న నవ్వు అది, అంతకన్నా డొల్ల ఇంకోటి ఉండదు. వీళ్ళందరి నెత్తిమీదా బండ విడిచి ఉంది, జిలేబీ తింటున్నారు.

ఎందుకంటే నాకు తెలుసు. జమున టీచర్‌కూ తెలుసు, ఆమె కూడా షేర్లు కొన్నదే, నాకు చెప్పింది, నేనూ కొన్నవాణ్ణే కాబట్టి నాతో మాత్రమే చెప్పింది. బ్యాంకును ఎవరో పెద్ద కంపెనీ తీసుకుంటుంది, ఇవాళ జడ్జిలు సరే అంటారు, సరే అంటే డబ్బులు అందే వరసలో ముందు అప్పిచ్చినవాళ్ళు, తర్వాత డిపాజిట్‌దారులు, అందరి తర్వాత షేర్లవాళ్ళు. పెళ్లి బంతి లాగ. మొదటి బంతిలో లడ్డూ, రెండో బంతిలో అన్నం, ఆఖరి బంతిలో గిన్నె అడుగు గీకిన చప్పుడు. పెళ్లి ఇంటివాళ్ళు ఎప్పుడూ ఆఖరి బంతే కదా, మనం ఓనర్లం, ఇంటివాళ్ళం, విస్తరి వేసుకుని కూర్చున్నాం. ఈక్విటీ అంటారట మా షేర్లను. ఈక్విటీలో ఈక కూడా మిగలదు. ఈ మాట బాగుంది, ఎవరితో అనను, ఇది కొట్టి చూసే కర్ర కాదు, తగిలితే కప్పు మొత్తం కూలుతుంది.

"టీచరమ్మా, మనది ఎప్పుడస్తది?" అని వెనక నుంచి ఎవరో. "అస్తది అస్తది, ఇంకో నాలుగైదు కేసులు," అంది జమున. నాలుగైదు. ముల్లు పసుపు మధ్యలో. బావ ఛాతీ లేస్తోంది, పడుతోంది, లేవడానికి పడే కష్టం పడడానికి లేదు, అది చూస్తే భయమేస్తోంది. నేను వంగి ఆయన చెవిలో, వీలైనంత మెల్లగా, నా మెల్లగా అంటే మామూలు మనిషి మామూలుగా, "బావా, నేను ఇంటికచ్చి అన్నీ చెప్త, నువ్వు దవాఖానకు పోరాదు," అన్నాను.

"మస్టర్ పడనీ. పడంగనే పోత."

మస్టర్. ఇదొక పిచ్చి. మొదటి వాయిదా నాడు ట్రిబ్యునల్ గుమస్తా లాయర్లను అప్పియరెన్స్ చెప్పమన్నాడు, అంటే ఏందమ్మా అని అడిగితే జమున టీచర్ హాజరు చెప్పుడు అంది, అంతే. హాజరంటే మస్టర్. మస్టర్ పడితే కూలి, పడకపోతే నాగా, ఇది గని మనుషుల రక్తంలో ఉన్న లెక్క. హాల్లో ఉన్న వాళ్ళందరూ ఒక్కసారి లేచి, లాప్‌టాప్ మీద పడి, "హాజర్ సార్! హాజర్ సార్!" అని అరిస్తే, జడ్జిగారు ఉలిక్కిపడి అద్దాలు తీశారు, మమ్మల్ని మ్యూట్ చేశారు. సిరినేలవాళ్ళు మూట కట్టారు, వీళ్ళు మ్యూట్ కట్టారు. అప్పట్నుంచీ వాయిదా వాయిదాకూ మావాళ్ళలో కొందరు వచ్చి కూర్చుంటారు, పేరు పిలుస్తారని. మస్టర్ పడనివాళ్ళకు వాటా ఉండదని. అలా ఏమీ లేదని చెప్తే సదన్న నా మీదికి లేచాడు. "నువ్వా చెప్పేది? సైరన్ మోగినంక అడుగు వెట్టిన అని నా నాగా రాసినోనివి నువ్వే గాదు? మస్టర్ లేకుంటె మనిషే లేడంటివి గదరా అప్పుడు!" అన్నాడు. అవును, ఆ మాట అన్నాను. నిజంగా అన్నాను. క్లర్కులు అంటారు అలాంటివి.

సైరన్. బయట ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగుతోంది, హాల్లో ఎవరూ తల తిప్పలేదు, కిటికీలు కాసేపట్లో వణుకుతాయి, వణికి ఊరుకుంటాయి, రోజూ ఉండేదే. నేనొక్కణ్ణే కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు కూడా ఇలాగే మోగింది, బ్లాస్టింగ్‌ది కాదు, వేళ కాని వేళ మోగే సైరన్. మా గనిలో కప్పు కూలిన రోజు. ఎవరు లోపలున్నారో తెలిసేది నా మస్టర్ ఒక్కదానికే. గేటు దగ్గర ఆడవాళ్ళు నా కిటికీ ఊచలు పట్టుకుని, మా ఆయన మస్టర్ పడ్డదా, మా పిలగాని మస్టర్ పడ్డదా, అని. రోజూ పడాలని కోరుకునే మస్టర్ ఆ రోజు పడకూడదని మొక్కుకున్నారు. సుగుణక్క కూడా ఉంది వాళ్ళలో, అడగలేదు, నా మొహం చూస్తూ నిలబడింది. గనిలోంచి పైకి ఎక్కి వచ్చిన వాళ్ళను నిలబెట్టి పేర్లు పిలవమన్నారు, పిలిచాను. హాజర్, హాజర్, హాజర్. ఎవరు పలుకుతారో ఎవరు పలకరో తెలియకుండా పేరు పిలవడమంటే అది. యిర్మియా అన్నాను, చప్పుడు లేదు. మళ్ళీ అన్నాను. సుగుణక్క ఊచలు వదిలేసింది. అప్పుడు గుంపు వెనక నుంచి, దుమ్ముతో నిండిన గొంతుతో, హాజర్. ఆయన తర్వాత పిలిచిన రెండు పేర్లు పలకలేదు. ఆ రెండు పేర్లు ఇప్పటికీ నా నోట్లోనే ఉన్నాయి, మింగలేను, ఉమ్మలేను. ఆ తర్వాతే నేను గట్టిగా మాట్లాడటం, జోకులేయడం మొదలుపెట్టాను, ఎవరూ మౌనంగా ఉండకూడదని. పిలిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి పలకాలి. నవ్వైనా సరే.

కిటికీలు వణికాయి. ముల్లు ఎరుపు అంచు మీద.

ఇక లాభం లేదనుకుని బావ చెవి దగ్గరికి మళ్ళీ వంగాను. "బావా, నిజం చెప్త. ఫాయిదా లేదు, గీయిదా లేదు. సదన్న తప్పిన్నడు. మనకేం రాదు ఇయ్యాల. ఎప్పటికీ రాదు. లే, పోదాం."

బావ నా వైపు చూశాడు. కళ్ళ చుట్టూ బొగ్గు గీత, ఎన్ని సబ్బులు అరిగినా పోని కాటుక. "నాకెర్కే," అన్నాడు.

"ఎర్కనా? మరి గిట్లెందుకే, పానం మీదికి తెచ్చుకొని?"

ఆయన మాట్లాడటానికి గాలి కూడబెట్టుకున్నాడు. సిరినేలలో కూడబెట్టినట్టు కాదు, నిజంగా, ఒక్కో గుక్క. "మన బాయి మూసిన్నాడు... యాదికున్నదా? ఆఖరి షిఫ్టు. పనేం లేదు లోపల. జరమచ్చినోళ్ళు సుత... దిగిన్రు. మూసే దినం నాగా పెడ్తె... అది సెలవు గాదు. పారిపోవుడు." ఆగాడు. మళ్ళీ గుక్క. "గాళ్ళు పారిపోయిన్రు, డైరెక్టర్లు. ఓనర్లల్ల ఒక్కడన్న... ఉండద్దా?"

నాకు జోకు రాలేదు. ఎక్కడ వెతికినా లేదు. బాయి అంటే మా గని, దాని ఆఖరి షిఫ్టు నాడు వాళ్ళందరినీ నేనే పిలిచాను, పని లేని పనికి, కొత్త బట్టలేసుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అందరికీ మస్టర్ వేశాను. అది గుర్తుంది. గుర్తుండి ఏం లాభం, ఇక్కడ పేర్లు పిలిచేది నేను కాదు, టీవీలో ఉన్న ఆ గుమస్తా పిలవాలి, ఆయన పిలవడు, ఆయనకు యిర్మియా ఎవరో తెలియదు. పిలిచేదాకా ఈయన కదలడు. పిలవని పిలుపు కోసం ఒక మనిషి ఊపిరి అయిపోయేదాకా కూర్చుంటే, అప్పుడు సుగుణక్క నా మొహం చూస్తే, మళ్ళీ నా మొహమే చూస్తే.

"ష్! మనదే!" అంది జమున టీచర్. హాలంతా కుర్చీలు రాసుకున్న చప్పుడు. సిరినేల అనే మాట ఇంగ్లీషు నాలుకల మీద సాగి సిరినేలా అని వినబడింది. లాయర్లు ఒకరి తర్వాత ఒకరు హాజరు చెప్పుకున్నారు. బావ కుర్చీలో నిటారుగా కూర్చుని, మాస్కు కొంచెం కిందికి లాగి, సిద్ధంగా ఉన్నాడు. జడ్జిగారు చదవడం మొదలుపెట్టారు. గొంతు చాలా మామూలుగా ఉంది, మస్టర్ పిలిచే గొంతు కూడా మామూలుగానే ఉంటుంది, ప్రాణాలు పోయే మాటలన్నీ మామూలు గొంతుతోనే చదువుతారు. జమున టీచర్ రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. జడ్జిగారు పేజీ తిప్పారు, తలూపారు, గుమస్తా తర్వాతి కేసు నంబరు పిలిచాడు. అంతే. జిలేబీ పొట్లం విప్పినంత సేపు కూడా పట్టలేదు.

"ఎంతట?" అన్నాడు సదన్న. టీవీ వైపు మెడ చాచాడు. "ఎంత ఫాయిదానట?"

జమున నన్ను చూసింది. అందరూ నన్ను చూశారు, నోరున్నవాణ్ణి నేనే కదా. నేను మాత్రం బావను చూస్తున్నాను. ఆయన ఇంకా టీవీ వైపే చూస్తున్నాడు, పెదవుల రంగు మారింది, నేరేడు పండు తిన్నట్టు. "పేర్లు... పిలుస్తలేరేందే?" అన్నాడు. ముల్లు ఎరుపులో. సుగుణక్క నా మొహం చూస్తోంది.

నేను కుర్చీ ఎక్కాను. కప్పు కూలిన ఆ రోజు తర్వాత నేను పేర్లు పిలవని రోజు లేదు, కానీ పిలిచిన ప్రతిసారీ మొదటి పేరు దగ్గర ఒక క్షణం చచ్చాను, పలకకపోతే ఏమిటని. ఆ పేర్ల వరస గని మూసినా నోట్లోనే ఉంది, ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ తప్పించాను. ఆ వరసలో ఎక్కడో మధ్యలో ఉండే పేరును అందరికన్నా ముందు పిలిచాను, కిటికీ ఊచల అవతలికి వినబడేంత గట్టిగా.

"యిర్మియా! టింబర్‌మన్!"

చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతోంది. నేను మళ్ళీ పిలవాలి, పిలవలేను.

"హాజర్," అన్నాడు బావ.

"మస్టర్ పడ్డది. షిఫ్టు అయింది. ఎక్కు పైకి," అన్నాను. గని మాట అది, ఇంటికి పొమ్మని. ఆయన లేచాడు. లేపితే లేచాడు. ఒకరు సిలిండర్, ఒకరు భుజం, సుగుణక్క ముందు పరుగెత్తి ఆటోను ఆపింది. నేను కుర్చీ దిగలేదు. మిగతా పేర్లు పిలుస్తూనే ఉన్నాను, ఎందుకో ఆపబుద్ధి కాలేదు, ఆపితే ఆటో చప్పుడు వినాల్సి వస్తుంది. "సదయ్య! డ్రిల్లర్!" అంటే పక్కవాడు గిల్లాడు, సదన్న హాజర్ అని అరిచాడు, వాటా పంచుతున్నారేమో అని మొహమంతా వెలుగు. చనిపోయినవాళ్ళ పేర్లు వచ్చినప్పుడు వాళ్ళ భార్యలు పలికారు. పేర్లు అయిపోయాయి. అప్పుడు చెప్పాను, ఒక్క జోకూ లేకుండా. బ్యాంకును వేరేవాళ్ళు తీసుకున్నారని, మన షేర్లు రద్దయ్యాయని, మనమిక ఓనర్లం కామని. ఎవరూ అరవలేదు. కర్ర కొట్టకుండానే కూలిన కప్పు కింద ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆటో దవాఖాన చేరేంత సేపటికి నా ఫోన్ మోగింది, సుగుణక్క. జమున నా చేతిలోంచి తీసుకుని స్పీకర్ పెట్టింది.

"గాలి వెట్టిన్రు. మంచం ఎక్కిండు. డాక్టర్ జూత్తాండు, ఇప్పుడే ఏం చెప్పమన్నడు." హాల్లో ఎవరో ప్రభువా అన్నారు, ఎవరో రాజన్న దేవుడా అన్నారు. "కని ఒకటే అడుగుతాండు రఘుపతీ. అందరివి నువ్వు పిలిస్తివి. మరి నీ మస్టర్ ఎవలు పిలిచిన్రని."

నాది. నా షేర్ల సంగతి నేను ఈ గంటంతా తల్చుకోలేదు, తల్చుకుంటే మాట పడిపోతుందని తల్చుకోలేదు. క్లర్కు పేరు ఎవరూ పిలవరు, పిలిచేవాడు తనే కాబట్టి. జమున టీచర్ నా వైపు తిరిగింది, బడిలో పిలిచినట్టు పిలిచింది.

"రఘుపతి!"

కాలనీ మొత్తానికి మైకు అక్కర్లేని నా గొంతు ఎక్కడికి పోయిందో. హాజర్ అన్నాననుకుంటాను. నాకే సరిగా వినబడలేదు.

"ఏమన్నడే?" అని సదన్న అటూ ఇటూ తిరిగాడు. "ఏమన్నడు? నాకేం సమజైతలేదు. ఫాయిదా ఎప్పుడిస్తరట?"

జమున అతని దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో, హాలంతటికీ వినబడేలా చెప్పింది. "ఫాయిదా గాదు కాకా, వాయిదా. పొద్దుగాల నేను చెప్పింది వాయిదా. ఇగ అది సుత లేదు, అయిపోయింది. రఘన్న హాజర్ అన్నడు, గంతే."

సదన్న చేతిలో పొట్లం వైపు చూసుకున్నాడు. "వాయిదానా," అన్నాడు. మిగిలిన జిలేబీ ఒకటి తీసి, నేను నిలబడ్డ కుర్చీ దాకా వచ్చి, పైకి చాపాడు.